కరెంటు పోయి వచ్చిన తరువాత

చిరంజీవి మేనకోడలికి, పర్లాకిమిడి నుండి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గుణుపురంలో తహసీల్ కచేరీ ఎదుట గది అద్దెకు తీసుకుని ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం తెరుస్తున్నావని, లినక్స్ కంప్యూటరును నువ్వే సిద్ధం చేసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా దుకాణం పెట్టడం ఇదే మొదలు. నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. అయితే సెకండ్‌హ్యాండ్‌లో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కొన్నావని కూడా చెప్పింది. కొనేముందు నన్నొక మాట అడగవలసిందమ్మా. అది చెడ్డ యంత్రమని కాదు, ఏళ్ళ తరబడి నాకు అన్నం పెట్టిన యంత్రమే. కానీ దాని స్వభావం ముందే తెలుసుకోకపోతే సరిగ్గా రద్దీ వేళ ఏడిపిస్తుంది.

ప్రింటరును లోపలి నుండి నడిపించే ప్రోగ్రామును ఫర్మ్‌వేరు అంటారు. చాలా ప్రింటర్లు తమ ఫర్మ్‌వేరును తమలోనే శాశ్వతంగా దాచుకుంటాయి. లేజర్‌జెట్ 1000, 1005, 1018, 1020 రకాలకు ఆ వసతి లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరు యూఎస్‌బీ కేబుల్ గుండా ఫర్మ్‌వేరును పంపితేనే అవి పని అందుకుంటాయి, స్విచ్ తీయగానే అంతా మరచిపోతాయి. విండోస్‌లో ఆ పని డ్రైవరే చేసుకుపోతుంది కనుక ఎవరికీ తెలియదు. లినక్స్‌లో ఆ ఏర్పాటు మనం చూసుకోవాలి.

ఏర్పాటు పెద్ద కష్టం కాదు. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లను నడిపే హెచ్‌పీఎల్ఐపీ ప్యాకేజీని ఎక్కించి, దానికి తోడుగా వచ్చే ప్లగిన్‌ను ఇంటర్నెట్ బాగున్నప్పుడు దించుకో. ప్యాకేజీ, ప్లగిన్ ఒకే వెర్షన్‌వి అయి ఉండాలి కనుక అడ్మిషన్ల రోజులలో అప్‌డేట్ జోలికి పోవద్దు. ఫూ2జెడ్‌జేఎస్ అనే మరో డ్రైవరుతోనూ పని జరుగుతుంది, కానీ రెండింటినీ ఒకే ప్రింటరుకు తగిలిస్తే ఫర్మ్‌వేరు కోసం రెండూ పోటీపడతాయి. ఏదో ఒకటే ఉంచుకో.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. నీకు ఈ ఉత్తరం రాయడమే అందుకోసం.

నేను మొదట ఈ ప్రింటరు తెచ్చినప్పుడు, ఫర్మ్‌వేరు ఫైలును ప్రింటరుకు పంపే ఆదేశాన్ని కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులో ఒక్క వాక్యంగా రాసి పెట్టాను. ప్రతి ఉదయమూ ముందు ప్రింటరు, తరువాత కంప్యూటరు ఆన్ చేసేవాడిని. లోపల మోటారు ఒకసారి తిరిగి, పచ్చ దీపం నిలకడగా వెలిగేది. నెలల తరబడి అలాగే నడిచింది కనుక పని పూర్తయిందని నమ్మాను. అయితే కంప్యూటరు యూపీఎస్ మీద ఉండేది, ప్రింటరు నేరుగా గోడ ప్లగ్గుకు ఉండేది. లేజర్ ప్రింటరులో టోనరును వేడితో కాగితానికి అతికించే రోలరు ఎక్కువ కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ దానిని మోయలేదు. ఆ ఏర్పాటు సరైనదే, నీవూ అలాగే పెట్టుకోవాలి.

ఒక వర్షాకాలపు మధ్యాహ్నం కరెంటు పోయి పది నిమిషాలలో వచ్చింది. కంప్యూటరు ఆగనే లేదు. కొండ మీది పల్లె నుండి ఒక తండ్రి కొడుకు స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం వచ్చి, కాగితాలను పాలిథిన్ కవరులో చుట్టి గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. కచేరీలో ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. నేను ప్రింట్ ఇచ్చాను. తెర మీద పని పంపినట్టే కనబడింది, కాగితం మాత్రం రాలేదు. కేబుల్ మార్చాను, క్యూ తుడిచాను, టోనరు కాట్రిడ్జి ఊడదీసి ఊపాను, చివరికి డ్రైవరే తీసివేసి మళ్ళీ ఎక్కించాను. ప్రింటరు తెలివి కోల్పోయిందని, దానికి ఫర్మ్‌వేరు మళ్ళీ పంపేవాడు ఎవడూ లేడని నాకు తట్టలేదు. తట్టేసరికి కచేరీ తలుపులు మూశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కవరు మడిచి చంకలో పెట్టుకుని బస్‌స్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఆ నడక నాకు ఈనాటికీ కళ్ళముందే ఉంది.

కనుక ఫర్మ్‌వేరు పంపడాన్ని కంప్యూటరు మొదలవడానికి కాదు, ప్రింటరు వచ్చి చేరడానికి ముడిపెట్టాలి. లినక్స్‌లో పరికరాల రాకపోకలను గమనించేది యూడెవ్. హెచ్‌పీఎల్ఐపీ తన యూడెవ్ నియమాన్ని తానే పెడుతుంది. నీవే రాసుకోవలసి వస్తే తయారీదారు సంఖ్య 03ఎఫ్0, ఈ ప్రింటరు సంఖ్య 2బీ17 అని సరిపోల్చు. సరిపోల్చడానికి రెండు సమాన చిహ్నాలు పడాలి. ఒకటే వేస్తే నియమం పనిచేయదు. ప్రోగ్రాము పేరును పూర్తి దారితో రాయి. యూడెవ్ ఎక్కువసేపు నడిచే పనులను మధ్యలోనే ఆపివేస్తుంది కనుక, పంపే పనిని సిస్టమ్‌డీ (లినక్స్‌లో వెనుక నడిచే పనులను చూసుకునే ప్రోగ్రాము) సేవకు అప్పగించడం క్షేమం. పంపేముందు ప్రింటరు గుర్తింపు వాక్యంలో ఎఫ్‌డబ్ల్యూవీఈఆర్ అనే మాట ఉందేమో చూడాలి. ఉంటే ఫర్మ్‌వేరు అప్పటికే చేరిందని అర్థం, రెండోసారి పంపకూడదు. ఆగిన క్యూ దానంతట అదే కదలకపోవచ్చు. బ్రౌజరులో నీ కంప్యూటరు 631 పోర్టు తెరిస్తే లినక్స్‌లో ప్రింటు పనులను నడిపే కప్స్ అనే ప్రోగ్రాము పేజీ వస్తుంది, అక్కడ ప్రింటరును తిరిగి నడిపించవచ్చు.

దుకాణం తెరిచేలోగా కంప్యూటరును ఆపకుండా ప్రింటరు ప్లగ్గును మాత్రం గోడలోంచి పీకి, నిమిషం ఆగి, మళ్ళీ పెట్టి ఒక పేజీ తీసి చూడు. మూడుసార్లు అలా చెయ్యి. కోపగించి రాస్తున్నానని అనుకోవద్దు తల్లీ, నీవు ఆ తండ్రి లాంటి మనిషి ముందు చేతులు ముడుచుకుని నిలబడకూడదనే నా భయం.

ఆదివారం గుణుపురం రైలుకు వస్తున్నాను. ఫర్మ్‌వేరు ఫైలు ఉన్న పెన్‌డ్రైవు, ఒక పొట్టి యూఎస్‌బీ కేబుల్ తెస్తాను. ప్లగ్గు పీకిన తరువాత పేజీ వచ్చిందో లేదో ఈలోగా ఫోను చేసి చెప్పు.

మీ మామయ్య