ఐదో పేజీలోని లిఫ్టు మనిషి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం తొమ్మిది పేజీలుంది. అందులో ఏడు పేజీలు జిమ్ బుచర్ రాసిన డ్రెస్డెన్ కథల గురించే. నాకేం విసుగనిపించలేదు. ఇష్టమైన కథ చెప్పేటప్పుడు మనిషికి ఊపిరి తీసుకోవడం గుర్తుండదు. నీ వాక్యాలకీ చాలాచోట్ల చుక్కల్లేవు. ఉండనీ, అవి తర్వాత పెట్టుకోవచ్చు.

ఒక్క సంగతి అడుగుతాను. షికాగో మాంత్రికుడు డ్రెస్డెన్ నగరాన్ని కాపాడే లావుపాటి నవలలన్నీ చదివేశావు కదా, మరి ఉత్తరంలో మూడుసార్లు 'డే ఆఫ్' కథ దగ్గరికే ఎందుకొచ్చావు? అందులో ఆయన కోరుకున్నది ఒక్క రోజు సెలవు, మనసుకు నచ్చినావిడతో ఒక సాయంత్రం. అదీ దక్కనివ్వరు. లోకం మునిగిపోతుందంటే మనం పెద్దగా కంగారుపడం, తర్వాతి నవల ఉందని తెలుసు కనక. సాయంత్రం పాడైపోతుందంటే మాత్రం నమ్ముతాం. మన సాయంత్రాలు ఎన్ని పాడవలేదూ!

ఇక 'జూ డే'. 2018లో వచ్చిన 'బ్రీఫ్ కేసెస్' సంపుటిలోది. తండ్రి డ్రెస్డెన్, కూతురు మ్యాగీ, కుక్క మౌస్ జూకి వెళ్తారు. అంతే కథ. కానీ ఆ ఒక్క రోజునే ముగ్గురూ వరసగా చెబుతారు. తండ్రి గొడవ తండ్రిది, పిల్ల భయం పిల్లది, కుక్కకి ఎదురుపడిన శత్రువు వేరే. ఒకరి యుద్ధం పక్కనే నడుస్తున్న రెండోవాళ్లకి తెలియనే తెలియదు. పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదువు. ముగ్గురూ కలిసి ఉన్న ఒక ఘట్టం ఎంచుకుని, దాన్ని ఎవరు ఎన్ని వాక్యాల్లో చెప్పారో లెక్కపెట్టు. ఎవరికి ఏది అసలు కంటబడలేదో కూడా చూడు. కథనం గురించి నేను చెప్పగలిగిందంతా ఆ లెక్కలో దొరుకుతుంది.

'ఆఫ్టర్‌మాత్' గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు, ఆశ్చర్యమే. 'చేంజెస్' నవల ముగిసిన కాసేపటికే మొదలవుతుంది అది. (ఆ నవల చివర ఏమైందో ఇక్కడ రాయను, ఈ ఉత్తరం మీ తమ్ముడు కూడా చదువుతాడన్నావు.) అప్పటిదాకా నవలలన్నీ డ్రెస్డెన్ నోటే విన్నాం. ఈ కథ చెప్పేది ఆయన పోలీసు స్నేహితురాలు మర్ఫీ. ఆయన పక్కన లేని చోట ఆయన ఎలాంటివాడో ఆమె మాటల్లో తెలుస్తుంది. చిన్న కథ చేయగల పని అది. నవలకి వీలుపడని మూల నుంచి చూడడం.

ఇప్పుడు నువ్వు రాసి పంపిన కథ. నాలుగో పేజీ దాకా మంత్రవిద్య నియమాలే. ఎవరికి ఏ శక్తి, ఎన్ని గంటలు పనిచేస్తుంది, ఎవరు ఎవరికి లోబడతారు... నేను నిన్ను తిట్టలేను. నేనూ మొదట్లో లేని నగరానికి పటం గీసి, సందుసందుకీ పేరు పెట్టి రెండేళ్లు గడిపాను. కథ మాత్రం రాయలేదు. పటం ఇప్పటికీ ఉంది, చాలా అందంగా ఉంటుంది.

ఐదో పేజీలో లిఫ్టు బాగుచేసే ఒకతన్ని ఒక్క వాక్యంలో తీసుకొచ్చి పంపేశావు. పన్నెండు అంతస్తుల భవనం, ప్యానెల్ మీద పదమూడో అంకె వెలిగింది, అతను చూసి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. నేను అక్కడ ఆగిపోయాను. తర్వాత నీ నాయకుడు అగ్నిగోళాలు విసిరాడు గానీ, నా మనసంతా ఆ జేబు మీదే ఉంది. అతను భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. అంటే అలవాటే! నాలుగు పేజీల నియమాలు చెప్పలేని లోకాన్ని ఆ జేబు చెప్పేసింది.

'సైడ్ జాబ్స్' కథల సంపుటిలో మొదటి కథ బుచర్ రాయడం నేర్చుకుంటున్న రోజుల్లోది. తప్పిపోయిన పిల్ల, వంతెన కింద రాక్షసుడు. నన్నడిగితే మిగతా కథల పక్కన అది తేలిపోతుంది. అయినా 2010లో సంపుటి వేసినప్పుడు దాచుకోకుండా ముందే పెట్టాడు. నువ్వూ మొహమాటపడకు.

పదమూడో అంకె ఎందుకు వెలిగిందో నాకు చెప్పకు. ఆ రాత్రి ఆలస్యమవుతుందని ఆ లిఫ్టు మనిషి ఇంటికి ఫోన్ చేసి ఏం అబద్ధమాడాడో రాసి పంపు. ఎనిమిది పేజీలు దాటితే చదవను.

నువ్వు పంపిన 'బ్రీఫ్ కేసెస్' ఇంకో వారం నా దగ్గరే ఉంటుంది. కుక్క చెప్పిన భాగం మళ్లీ చదువుతున్నాను.