అలసటను సెలవుల దాకా దాచుకోకు

అమ్మలూ,

వచ్చే ఏడాది క్లాస్ టీచర్ బాధ్యతతో పాటు, చదువులో వెనకబడిన పిల్లలకు రోజూ సాయంత్రం తరగతులు కూడా నువ్వే చెబుతానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వంగా ఉందో! ఎవరూ అడగకుండానే ఆ పిల్లల పక్కన నిలబడ్డావు. కానీ "అలసట సంగతి సెలవుల్లో చూసుకుంటాను" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు.

వేళకు నిద్రపో, కాసేపు నడువు, గొంతుకు విశ్రాంతినివ్వు. ఇవి నీకు తెలిసినవే.

సెలవులతో వచ్చిన ఊరట మాత్రం నిలవదు తల్లీ. జర్మనీ ఉపాధ్యాయులపై జరిగిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. బడి తెరిచిన నెలలోపే ఆ ఊరట కరిగిపోయింది. పని మీదపడితే ఇంకా త్వరగా పోయింది, తీరిక వేళల్లో సేదతీరగలిగిన వాళ్లకు కొంచెం ఎక్కువ కాలం నిలిచింది. కాబట్టి ఏ రోజు అలసట ఆ రోజే తీరాలి.

నాతో పనిచేసిన ఒక లెక్కల టీచరు సంగతి చెబుతాను. ఆమె పేపర్ల కట్ట ఇంటికి మోసుకెళ్లేది. అది కాదు ఆమెను కుంగదీసింది. తరగతిలో ఒక కుర్రాడు ఎదురు తిరిగితే, ఆ మాటనే వంట చేస్తూ, అన్నం తింటూ, పక్కమీద దొర్లుతూ మళ్లీ మళ్లీ తలచుకునేది. బడి వదిలినా బడి ఆమెను వదిలేది కాదు. స్టాఫ్ రూమంతా దాన్ని అంకితభావం అని మెచ్చుకుంది. పిల్లల తోబుట్టువుల పేర్లు కూడా తెలిసిన మనిషి, రెండేళ్లు తిరిగేసరికి పిల్లల్ని రోల్ నంబర్లతో పిలవసాగింది. బాగా అలసిన మనసు మనుషుల పట్ల ఇలాగే మొద్దుబారుతుందని మనస్తత్వవేత్త క్రిస్టీనా మాస్లాక్ పరిశోధనలు చెప్పాయి. నీ విషయంలో నా భయమంతా అదే. ఒళ్లు అలిసినా ఓర్చుకోగలను, పిల్లలంటే నీకున్న ఆపేక్ష ఆరిపోతే చూడలేను.

సోనెన్‌టాగ్, ఫ్రిట్జ్ అనే మనస్తత్వవేత్తలు 2007లో మనిషి కోలుకోవడానికి తోడ్పడేవి నాలుగని చెప్పారు: మనసు పని నుంచి తప్పుకోవడం, సేదతీరడం, పనితో సంబంధం లేని కొత్త విద్య ఏదైనా నేర్చుకోవడం, తన సమయం తన చేతిలో ఉండటం. మొదటిది నీకు కష్టం, నాకు తెలుసు. సగంలో ఆగిన పని బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పూర్తి చేయనక్కరలేదు. బడి నుంచి బయలుదేరే ముందు, రేపు ఏ పీరియడ్‌లో ఏం చేస్తావో కాగితం మీద రాసిపెట్టు. చాలావరకు నెమ్మదిస్తుంది. ఇంట్లో బడి తలపులు అసలే రాకూడదని కాదు. ఎవరికో భిన్నాలు అర్థమైన క్షణాన్ని తలచుకుని మురిసిపో, అది మేలే చేస్తుంది. తప్పులు తవ్వుకోవడమే వద్దు.

రాత్రిపూట తల్లిదండ్రుల మెసేజ్‌లకు జవాబివ్వకు. ఎందుకంత మొహమాటం నీకు? చిన్నప్పుడూ ఇంతే, ఆకలేస్తున్నా అడిగేదానివి కాదు.

సాయంత్రం తరగతులు మానేయమనను. వారానికి మూడు రోజులు చాలని ప్రధానోపాధ్యాయురాలితో ఇప్పుడే మాట్లాడు, ఏడాది మొదలయ్యాక కాదు. ఇంత చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, బడి గేటు చూస్తేనే గుండె దడదడలాడితే, ఓర్చుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఒక్కదానివే వెళ్లలేకపోతే చెప్పు, నేను వస్తాను.

మీ పెద్దమ్మ