చెన్నైలోని మడిపాక్కంలో వానల తరువాత బావినీటి వాసన: సమాధానం

వానల తరువాత బావినీరు ఎందుకు వాసన వేస్తోందని అడిగారు. వానాకాలంలోనే మీ బావినీరు వాసన వేస్తోందంటే, కారణం పెరటి సోక్ పిట్ (సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే మురుగునీటిని మట్టిలోకి ఇంకించే గుంత) కావచ్చు. అక్టోబరు–డిసెంబరు వానలకు భూగర్భజలం పైకి లేచి గుంత అడుగును తాకితే, మురుగు మట్టిలో సరిగా వడకట్టుకోకుండానే బావిలోకి చేరుతుంది.

1. ముందు నీటిని ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. నమూనాను మిద్దె మీది ట్యాంకు కుళాయి నుంచి కాక, బావి నుంచే పట్టండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే: బ్లీచింగ్ పొడి వేసిన వెంటనే పరీక్షకు పంపుతారు. ఆ పొడి వల్ల క్లోరిన్ మిగిలి ఉన్న నీటిలో ఇ.కోలై (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) కనబడకపోవడం బావి బాగుందనడానికి రుజువు కాదు. క్లోరిన్ వాసన పూర్తిగా పోయాక, ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసాలో, మూత లోపలివైపు వేలు తగలకుండా పట్టి, ఐసులో పెట్టి అదే రోజు అందజేయండి.

3. 100 మి.లీ.లో ఇ.కోలై అసలు ఉండకూడదు. నైట్రేట్ (మురుగు నుంచి నీటిలో చేరే రసాయనం) లీటరుకు 45 మి.గ్రా. దాటకూడదు. (నైట్రేట్ మరిగిస్తే పోదు.)

4. సెప్టిక్ ట్యాంకు మూత తీయించి చూడండి. నీటిమట్టం బయటికి పోయే గొట్టం కన్నా పైన నిలిచి ఉండి, గొట్టంలో అడ్డు లేకపోతే, సోక్ పిట్ నీటిని ఇంకించుకోవడం లేదు. ట్యాంకు ఖాళీ చేయించినంత మాత్రాన అది సరికాదు.