ఎర్లీ డెసిషన్ సంతకం తొందరపడి పెట్టకండి

ప్రశ్న: మేము న్యూజెర్సీ వచ్చి మూడేళ్లయింది, హెచ్‌1 మీద ఉన్నాం. మా అమ్మాయి పన్నెండో తరగతిలోకి వస్తోంది. ఎర్లీ డెసిషన్‌లో పెడితే, అంటే సీటొస్తే అక్కడే చేరతామని ముందే సంతకం పెట్టి అప్లై చేస్తే, పెద్ద కాలేజీలో సీటు తేలిగ్గా వస్తుందని అందరూ అంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: తమ్ముడూ, ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. పేరున్న ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్లకు ఖర్చు మూడు లక్షల డాలర్లు దాటుతుంది. ఎవరూ ఒక్క డాలరు సాయం చెయ్యకపోతే కట్టగలరా? మీరూ మీ ఆవిడా కూర్చుని ఇది తేల్చుకునేదాకా ఆ సంతకం జోలికి వెళ్లకండి.

2017లో నేను ఇలా ఎవర్నీ అడగలేదు, నామోషీ అనుకున్నాను. పదిహేడేళ్లుగా ఈ దేశంలో ఉన్నవాణ్ణి, గ్రీన్‌కార్డు కూడా ఉంది, నాకు తెలియనిదేముంది అని ధీమా. బుర్ర మాత్రం ఎంసెట్ రోజుల దగ్గరే ఆగిపోయింది: ముందు సీటు రానీ, ఫీజు సంగతి తర్వాత చూద్దాం, నచ్చకపోతే రెండో కౌన్సెలింగ్‌లో మారొచ్చు. ఇక్కడ రెండో కౌన్సెలింగ్ లేదు. పిల్ల, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూలు కౌన్సెలరు ముగ్గురూ సంతకం పెట్టాక సీటు వస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాల్సిందే.

నేను ఆ సంతకం పెట్టింది ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో, కూరగాయల కొట్టు బిల్లింగు లైన్లో. ఒక చేతిలో కరివేపాకు, ఇంకో చేతిలో ఫోను. "నాన్నా, మెయిలొచ్చింది, సైన్ చెయ్యి" అంది పెద్దమ్మాయి. "ఎంతవుతుందో చూశారా?" అని మా ఆవిడ పక్కనుంచి అడుగుతూనే ఉంది. "ముందు రానీవే" అని పేరు టైప్ చేసేశాను.

అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటుంది. కాలేజీ సాయం కోసం నింపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో ఆస్తులు రాయాలి. మంగళగిరిలో నాకో స్థలం ఉంది. మా బావమరిది ఫోన్లో గొప్పగా చెప్పిన రేటు డాలర్లలోకి మార్చి వేశాను. ఆ రేటుకి కొనేవాడు ఇప్పటిదాకా కనబడలేదు. ఆ కాగితం మీద మాత్రం నేను జమీందారుని.

డిసెంబరు మధ్యలో సీటొచ్చింది. వాట్సాప్‌లో చుట్టాలందరికీ పెట్టేశాను. ఆ తర్వాత సాయం లెక్కల పేజీ తెరిచాం. గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం, అన్నచోట సున్నా. సైటు సరిగ్గా లోడవలేదేమోనని తెల్లారేదాకా రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాను.

సాయం చాలకపోతే ఆ ఒప్పందం నుంచి బయటపడే వీలుందని అప్పటికి నాకు తెలియదు. తెలిసినా చుట్టాలకి ఏం చెప్పను? ఇంటిమీద లోను తీశాను. అమ్మాయి నెత్తిన అప్పు పడనివ్వలేదు, అది నేను గర్వంగానే చెప్పుకుంటాను. కానీ అన్నయ్య కూతురి పెళ్లికి టిక్కెట్లు దండగని వెళ్లలేదు. ఆ లోను ఇంకా కడుతున్నాను.

రెండోవాడికి ఎర్లీ యాక్షన్ మాత్రమే పెట్టించాను. అందులో జవాబు ముందే వస్తుంది గానీ చేరి తీరాలన్న కట్టుబాటు ఉండదు, తేల్చుకోడానికి మే 1 దాకా టైముంటుంది. పర్డ్యూ, మేరీల్యాండ్ లాంటి యూనివర్సిటీలు నవంబరు 1కి అలా తీసుకుంటాయి. వచ్చిన ఉత్తరాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఏడాదికి ఎంత పడుతుందో పెన్నుతో రాసుకుని తేల్చుకున్నాం. (హార్వర్డ్, యేల్‌లదీ చేరి తీరాలన్న కట్టుబాటు లేని పద్ధతే, కానీ ఇంకో ప్రైవేటు కాలేజీకి ఎర్లీ పెట్టనివ్వవు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లలో అసలు ఎర్లీయే లేదు. తేదీలు, నియమాలు ఆయా కాలేజీల సైట్లలోనే చూసుకోండి.)

సీటు తేలిగ్గా వస్తుందన్న మాటకొస్తే, ఎర్లీలో శాతం ఎక్కువగా కనిపించేది నిజమే. అందులో కాలేజీవాళ్లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లూ, అక్కడే చదివినవాళ్ల పిల్లలూ ఉంటారు. వాళ్లని తీసేసి చూస్తే మన పిల్లలకి మిగిలేది అంత ఉండదు.

మీకు ఇంకో చిక్కుంది. మీ అమ్మాయి హెచ్‌4 (హెచ్‌1 వాళ్ల పిల్లలకిచ్చే వీసా) కాబట్టి ఫాఫ్సా అనే ఫారం ద్వారా వచ్చే ప్రభుత్వ సాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు తనని విదేశీ విద్యార్థిగానే లెక్కేస్తాయి. దాదాపు ప్రతి కాలేజీ సైట్లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోను మీ చేతినుంచి ఎంత పడుతుందో లెక్కగట్టేది) ఉంటుంది గానీ అది చూపించే అంకె మీకు వర్తించకపోవచ్చు. అందుకని ఈ వారమే అడ్మిషన్ల ఆఫీసుకి "హెచ్‌4 పిల్లలకు ఎంత సాయం చేస్తారు?" అని మెయిల్ రాయించండి. జవాబొచ్చాకే సంతకం సంగతి. ఆస్తుల దగ్గర ఊళ్లో స్థలం ఏమైనా ఉంటే నిజంగా అమ్ముడుపోయే రేటే వెయ్యండి, బావమరిదిని అడక్కండి.