‘ఆ టీకా మాట నా దగ్గర ఎత్తొద్దు’ అంటున్నారు మావారు

ప్రశ్న: మేడమ్, మేముండేది హైదరాబాద్‌లో, వనస్థలిపురంలో. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారు ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తారు. ఆయన సొంతూరు భద్రాచలం దగ్గర. మాకు ఒక్కతే పాప, పన్నెండేళ్లు. మా మేనత్త గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి ఆమెను తిప్పింది నేనే, ఆ నరకం కళ్లారా చూశాను. రేపు మా పాపకూ వస్తే ఎలా అని, ఆ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి పిల్లల డాక్టరుగారిని అడిగాను. వేయించడానికి ఇదే మంచి వయసు అన్నారు. ఇంట్లో చెప్పగానే మావారు ‘ఆ టీకా మాట నా దగ్గర ఎత్తొద్దు’ అన్నారు. కరోనా టీకా రెండు డోసులూ లైన్లో నిలబడి వేయించుకున్న మనిషి! ఏమిటంటే ‘ఖమ్మంలో ఏం జరిగిందో నీకేం తెలుసు’ అంటారు, అంతకు మించి చెప్పరు. నేను డాక్టర్ల వీడియోలు వాట్సాప్‌లో పంపితే, ఆయన టీకా వద్దనే వీడియోలు నాకు పంపుతారు. మా అత్తయ్య ‘పెళ్లి కాని పిల్లకు ఆ సూదులెందుకు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు’ అంటుంది. మా ఇద్దరి మధ్య మాటలు కూడా తగ్గిపోయాయి. ఆయన సైట్ పనిమీద ఊరెళ్లినప్పుడు పాపను తీసుకెళ్లి వేయించేద్దామా అనుకుంటున్నా. తప్పంటారా?
– ఒక తల్లి

జవాబు: టీకా వేయించాలనుకోవడంలో తప్పేమీ లేదమ్మా. ఆయనకు చెప్పకుండా వేయించడం మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే, మీవారు నోట్లోనే మింగేస్తున్న ఆ ఖమ్మం సంగతి ముందు మీకు తెలియాలి.

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం సహా మూడు మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఇదే హెచ్‌పీవీ టీకా వేశారు. ‘పాత్’ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. ఖమ్మంలో టీకా పడిన పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునే గిరిజనుల బిడ్డలు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. ఏ జబ్బు రాకుండా ఇస్తున్నారో, తర్వాత ఒంట్లో బాగోకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ కుటుంబాలకు చెప్పిన నాథుడు లేడు.

ఆ తర్వాత నెలల్లో కొందరు పిల్లలు చనిపోయారు. మన దగ్గర ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. పెద్ద గొడవైంది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణ కమిటీ రెండు రాష్ట్రాల్లోని ఆ మరణాలను పరిశీలిస్తే తేలిన కారణాల్లో ఇవి ఉన్నాయి: పాము కాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుల మందు, మలేరియా. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనిపించలేదని కమిటీ చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘమైతే ఆ సంస్థలను చాలా ఘాటుగా తప్పుబట్టింది.

చూశారా, ఇక్కడ రెండు సంగతులున్నాయి. టీకా వల్ల పిల్లలు చనిపోయారన్నది నిలబడలేదు. తల్లిదండ్రులను అడగకుండా వాళ్ల బిడ్డలకు సూది వేశారన్నది నిలబడింది. ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ రెండూ ఒకేసారి, ఒకే వార్తగా చేరాయి. విచారణ నివేదిక భద్రాచలం అడవుల్లో ఏ గడపకూ రాలేదు. ‘సూది వేశారు, పిల్లలు పోయారు’ అన్న మాట మాత్రం ప్రతి గడపకూ వచ్చింది. అప్పట్లో మీవారికి బహుశా పాతికేళ్లు ఉండుంటాయి. ఆయన అక్క కూతురో, పక్కింటి పిల్లో ఆ హాస్టల్లో ఉండి ఉండవచ్చు. ఎవరైనా నేరుగా ఆయనతో వచ్చి ఏడ్చి ఉండవచ్చు. నేను ఊహిస్తున్నానంతే. ఆ సంగతి మీరు ఆయన్ని అడగాలి.

ఇది పల్లెటూళ్ల అమాయకత్వం అనుకోకండి. మన హైదరాబాద్‌లోనే, 2019 మార్చిలో, నాంపల్లిలోని ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకా వేశాక జ్వరానికి పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు పొరపాటున ఇచ్చారు. పసికందుల ప్రాణాలు పోయాయి. తప్పు మాత్రది. పిల్లలను ఎత్తుకుని నిలోఫర్ ఆసుపత్రికి పరుగెత్తిన తల్లులకు గుర్తుండేది మాత్రం ‘టీకాకి తీసుకెళ్లాను’ అన్న ముక్కే. ఆ తల్లుల్లో ఎవరైనా తర్వాతి డోసుకు వెనకాడితే నేనైతే మూర్ఖురాలు అనలేను.

మీరు రాసిన కరోనా సంగతికే వద్దాం. అది పట్టుకునే మీరు ఆయన్ని దెప్పుతున్నట్టున్నారు. నాకైతే అందులోనే అసలు విషయం కనిపించింది. టీకాలంటేనే పడని మనిషైతే అప్పుడు లైన్లో నిలబడేవారా? ఆ చేయి ఆయనది, ఆ నిర్ణయం ఆయనది. చుట్టూ రోజూ చావులు చూస్తున్న రోజులవి, జబ్బు కళ్లెదుట ఉంది. ఇప్పుడు చేయి కూతురిది. జబ్బేమో ముప్పై, నలభై ఏళ్ల తర్వాత రావచ్చు, రాకపోనూవచ్చు. ఏదైనా జరిగితే ‘నేనే వేయించాను’ అన్న మాట జీవితాంతం మోయాలి. వేయించకపోతే వచ్చే ప్రమాదం కంటే, వేయిస్తే వచ్చే ప్రమాదమే మనసుకు పెద్దదిగా కనిపిస్తుంది. ఎంత చదువుకున్నవాళ్లకైనా ఇంతే. టీకాల విషయంలో ఇలా వెనకాడటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రపంచ ఆరోగ్యానికి ఉన్న పది పెద్ద ముప్పుల్లో ఒకటిగా చెప్పింది. అంటే ఇది మీ ఇంట్లో మాత్రమే ఉన్న గొడవ కాదు.

భయం మీక్కూడా ఉందమ్మా. మేనత్తకు వచ్చింది కాబట్టి పాపకూ వస్తుందేమోనని రాశారు. ఈ క్యాన్సర్ ప్రధానంగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చేదే తప్ప, వంశంలో ఉంది కాబట్టి వచ్చి తీరేది కాదు. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకు కొత్తగా వస్తోంది, వాళ్లలో చాలామంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ లేదు. అంటే టీకా అందరు ఆడపిల్లలకూ పనికొచ్చేదే, మీ పాపకు ప్రత్యేకంగా ముంచుకొచ్చిన ఆపదేమీ లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీరు ఎంఎన్‌జే వార్డును కళ్ల ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారు, ఆయన ఖమ్మం హాస్టల్‌ను పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఇద్దరిలో ఎవరూ పాప గురించి ఇంకా మాట్లాడనేలేదు.

అందుకని ముందు ఆ వీడియోలు ఆపండి. ఈ రోజు నుంచే. మీరు పంపిన ప్రతి వీడియో ఆయనకు ‘నీకేం తెలీదు’ అని వినిపిస్తుంది, దానికి జవాబుగా ఆయన ఇంకోటి వెతుకుతారు. అలా వెతికేవాళ్లకు ఫోన్‌లో కావలసినన్ని దొరుకుతాయి.

తర్వాత ఆయన్ని అడగండి. భోజనాల దగ్గర, అత్తయ్య ముందు వద్దు. బండి మీద ఇద్దరే వెళ్తున్నప్పుడో, పాప పడుకున్నాకో. ‘అప్పుడు మీ ఊళ్లో ఏం జరిగింది? మీరు ఏం చూశారు?’ అంతే. ఆయన చెప్తున్నప్పుడు మధ్యలో ‘కానీ డాక్టర్లు ఏమన్నారంటే’ అని అందుకోకండి. టీచర్లకు ఇది కాస్త కష్టమే, తప్పు కనపడగానే దిద్దాలనిపిస్తుంది. ఆ ఒక్క రాత్రికి దిద్దకండి. మన మగవాళ్లు ‘భయంగా ఉంది’ అనరు, ‘వద్దు’ అంటారు. ఆ వద్దు వెనక ఉన్నది బయటికి రావడానికి ఒకటికి రెండుసార్లు కూర్చోవాల్సి రావచ్చు. ఆయన చెప్పాక మీరు నిజాయతీగా అనగలిగిన మాట ఒకటి ఉంది: ‘ఆ తల్లిదండ్రులను అడక్కపోవడం అన్యాయమే.’ అది నిజం కూడా. ఆ మాట మీ నోటి నుంచి వింటే, మిగతాది వినడానికి ఆయనకు మనసొప్పుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆయన ఊళ్లో లేనప్పుడు పాపకు టీకా వేయిస్తే, అప్పుడు వార్డెన్ చేసిన పని ఇప్పుడు మీరు చేసినట్టవుతుంది. ఆయన మనసులో పుండు ఎక్కడుందో అక్కడే పొడిచినట్టు. పైగా పన్నెండేళ్ల పిల్లను ‘నాన్నకు చెప్పకు’ అని గుట్టులో భాగస్వామిని చేయాలి. రెండో డోసుకు మళ్లీ దాచాలి. ఆ రాత్రి జ్వరమొస్తే ఏమని చెప్తారు?

ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాపను తీసుకెళ్లకండి, ఆ రోజు టీకా వేయించే ప్రసక్తే లేదని ఆయనకు ముందే మాటివ్వండి. ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. ‘ఇది మళ్లీ విదేశీ కంపెనీ ప్రయోగమా?’ అని కచ్చితంగా అడుగుతారు, అడగాలి కూడా. ఆస్ట్రేలియాలో 2007 నుంచి బడిపిల్లలకు ఇస్తున్నారు. మన సిక్కింలో 2018లోనే ప్రభుత్వం స్కూళ్లలో వేసింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. స్కాట్లాండ్‌లో పన్నెండు, పదమూడేళ్లప్పుడు పూర్తిగా టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ ఒక్క కేసు కూడా కనిపించలేదని 2024లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఈ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దాని పైపెంకు లాంటి ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. పిల్లలు పుట్టకుండా పోతారన్న ప్రచారానికి ఆధారం లేదు. చేయి నొప్పి, వాపు, కొద్దిగా జ్వరం రావచ్చు. ఈ వయసు పిల్లల్లో కొందరు సూది చూసి సొమ్మసిల్లుతారు, అందుకే వేశాక పావుగంట కూర్చోబెడతారు. పాపకు ఏవైనా తీవ్రమైన అలర్జీలుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ఇవన్నీ మీరు ఆయనకు పాఠంలా అప్పజెప్పకండి, డాక్టరు నోటి నుంచి విననివ్వండి. ప్రశ్నలడిగితే విసుక్కునే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, హైదరాబాద్‌లో డాక్టర్లకు కొదవేముంది.

అత్తయ్యగారి మాట వేరు. ఆవిడ భయం పరువు గురించి. ఈ వైరస్ లైంగికంగా అంటుకుంటుందని ఎక్కడో విని ఉంటారు. ఆవిడతో వాదనకు దిగొద్దు. ‘క్యాన్సర్ రాకుండా వేసే టీకా అత్తయ్యా’ అంటే చాలు, అందులో అబద్ధమేమీ లేదు. అయినా సాగదీస్తే ఒక మాట గుర్తుచేయండి. పిల్లలు పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేస్తారు. అదీ రక్తం ద్వారా, లైంగికంగా అంటుకునే జబ్బే. పొత్తిళ్లలో బిడ్డకు ఆ సూది వేసినప్పుడు ఎవరూ ఆ బిడ్డ నడవడిక గురించి ఆలోచించలేదు కదా. కట్టుకున్న భర్త తప్ప వేరే మగవాడిని ఎరగని ఆడవాళ్లకూ ఈ క్యాన్సర్ వస్తోంది. మీ మేనత్తకు ఆ జబ్బు వచ్చినందుకు ఎవరైనా ఆమెను తక్కువగా మాట్లాడితే మాత్రం ఊరుకోకండి, అక్కడ కచ్చితంగా మాట్లాడండి.

పాపను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఏడో తరగతి పిల్లకు ఇది ఏ జబ్బు, ఎందుకు వేస్తారు, ఎంత నొప్పి ఉంటుంది అన్నది అర్థమయ్యేలా చెప్పొచ్చు. ఇంట్లో గొడవ తన గురించేనని ఆ పిల్లకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఆ సంభాషణ మీరిద్దరూ కలిసి చేస్తే మేలు. ఖమ్మంలో పిల్లలను ఎవరూ అడగలేదన్నది మీవారికి మీకంటే బాగా తెలుసు, అడగడంలో ఆయనే ముందుండవచ్చు.

ఇంత చేసినా ఆయన ఒప్పుకోకపోతే? కొన్నాళ్లు ఆగండి, కానీ వదిలేయకండి. పదిహేనేళ్లు నిండకముందే మొదలుపెడితే సాధారణంగా ఆరు నెలల తేడాతో రెండు డోసులు సరిపోతాయి. పదిహేను దాటితే మూడు వేయించాలంటారు. అంటే మీ చేతిలో రెండేళ్ల దాకా ఉంది. వచ్చే వేసవి సెలవుల్లోపు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందామని ఇప్పుడే ఒక గడువు అనుకోండి. ఈలోగా రోజూ అదే మాట ఎత్తి టెన్షన్ పెంచకండి. మీ ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోవడమే నాకు టీకా కంటే ఎక్కువ కంగారుగా ఉంది. సినిమాకో, బంధువులింటికో వెళ్లి కాసేపు టీకా ఊసు లేకుండా ఉండండి. అప్పటికీ మాటలు కలవకపోతే ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలర్‌ను కలవండి.

ఇంకొకటి. పాప కోసం ఇంత పోరాడుతున్నారు, మరి మీరు పరీక్ష చేయించుకున్నారా? ముప్పై దాటిన ప్రతి ఆడమనిషీ గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేస్తారు, కొద్ది నిమిషాల పని. ఇప్పటివరకూ చేయించుకోకపోతే ఈ నెలలోనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు మీవారిని తోడు రమ్మనండి.