బావమరిది మాట నిజమే, కానీ సగమే

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా, పత్తి సాగు చేస్తాం. మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. లాంగ్‌టర్మ్ వద్దు, బయోటెక్నాలజీ చదువుతానంటోంది. మా బావమరిదేమో "బీటీ వంకాయను ఒక్క సంతకంతో ఆపేశారు, మంత్రి మారితే మూతపడే రంగంలోకి పిల్లను పంపుతావా" అంటున్నాడు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది గాలి మాట చెప్పలేదు. జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ 2009 అక్టోబరులో బీటీ వంకాయకు, అంటే పురుగును తట్టుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువు పెట్టిన వంకాయకు, పచ్చజెండా ఊపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో సభలు పెట్టి అందరి మాటా విన్నారు. 2010 ఫిబ్రవరి 9న ప్రస్తుతానికి వద్దన్నారు. ఆ 'ప్రస్తుతం' ఇప్పటికీ ముగియలేదు. పక్కనున్న బంగ్లాదేశ్ రైతులు మాత్రం 2014లోనే బీటీ వంకాయ నాటుకున్నారు.

ఆవాలది ఇంకా సాగిన కథ. ఢిల్లీ యూనివర్సిటీలో శాస్త్రవేత్త దీపక్ పెంటల్ బృందం తయారుచేసిన జన్యుమార్పిడి ఆవాలు డీఎంహెచ్-11 రకానికి 2017లో కమిటీ సరేనంది, ఆ వెంటనే వెనక్కి తగ్గింది. 2022లో మళ్లీ అనుమతి వచ్చింది. 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు.

అలాగని రాజకీయాన్ని ఒట్టి విలన్‌ని చేయడానికి నాకు మనసొప్పదు. మీరు పత్తి రైతు కదా, 2006 గుర్తుందా? 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్‌ను 750కి దించింది అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే. కంపెనీల లెక్కలో అది జోక్యం, మీ ఇంటి లెక్కలో మిగులు.

బావమరిది వదిలేసిన సగం ఇది. బయోటెక్ అంతా ఒకే గుమ్మం కాదు. ఏ పని బయటికి రావాలంటే ఎవరి సంతకం కావాలో చూడాలి. వేరే జీవి జన్యువును పంటలో పెడితే ఢిల్లీ సంతకం కావాలి, పొలంలో ప్రయోగానికి రాష్ట్రం ఒప్పుకోవాలి. ఇక్కడే రాజకీయం ఎక్కువ. సంకరంలో ఏ మొక్కకు మంచి జన్యువు వచ్చిందో మార్కర్లతో (డీఎన్‌ఏలోని గుర్తులతో) వెతికి ఎంచుకునే పనికి ఆ తలనొప్పి లేదు. బాపట్లలో పుట్టిన మన సాంబ మసూరినే తీసుకోండి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి దానికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం ఇచ్చి, 2008లో విడుదల చేశాయి. ఏ మంత్రీ సభలు పెట్టలేదు, ఎవరూ ధర్నా చేయలేదు.

అదే సాంబ మసూరికి రాజేంద్రనగర్‌లోనే ఇంకో పని జరిగింది. బయటి జన్యువు పెట్టకుండా, ఉన్న జన్యువునే సవరించారు. గింజల సంఖ్య పెరిగి, పంట దాదాపు 20 రోజులు ముందే కోతకొచ్చే 'కమల' రకం అలా వచ్చింది. 2025 మేలో కేంద్ర వ్యవసాయ మంత్రి దాన్ని ప్రకటించారు. ఇది సాధ్యమైంది 2022లో కేంద్రం ఇలాంటి సవరణలను జన్యుమార్పిడి నిబంధనల నుంచి తప్పించాకే. తలుపు మూసేదీ, తీసేదీ ఆ ఢిల్లీయే అన్నమాట.

ఇక టీకాలు, బయోలాజికల్ మందుల (జీవకణాలతో తయారుచేసే మందుల) దారి వేరు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చినప్పటి నుంచి ఇక్కడ ఈ పని పెరుగుతూనే ఉంది. 1999లో శామీర్‌పేట వైపు మొదలైన బయోటెక్ కంపెనీల కేంద్రం జీనోమ్ వ్యాలీ మీకు తెలిసిందే. రాజకీయం ఇక్కడా లేకపోలేదు. 2021 జనవరిలో మూడో దశ ఫలితాలు రాకముందే కోవాగ్జిన్‌కు అనుమతివ్వడంపై ఎంత రభస జరిగిందో చూశాం. అయినా టీకా తయారీలో క్వాలిటీ కంట్రోల్ నేర్చినవాళ్లకు ఒక మందు ఆగితే ఇంకో మందు దగ్గర పని ఉంటుంది. ఆవాలు ఆగితే ఆవాలు తప్ప ఇంకేదీ తెలియనివాళ్లకే కష్టం.

2030 కల్లా 300 బిలియన్ డాలర్ల బయో ఎకానమీ అని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఆ అంకె చూసి మీ అమ్మాయిని చేర్చొద్దు. బీఎస్సీతో ఆపేస్తే చేతికొచ్చేది చిన్న జీతం, రిపోర్టులు రాసే పని. మంత్రుల సంతకాల కన్నా మీరు భయపడాల్సింది దీనికే. ఎంఎస్సీ దాకా చదివించే ఓపిక మీకుంటేనే దిగండి. దానికి గ్యాట్-బి, ఐఐటీల జామ్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి, వాటికి డిగ్రీ రెండో ఏడాది నుంచే చదవాలి.

ఒక్క ప్రశ్న తననే అడగండి: ఇష్టం పంటల మీదా, మందుల మీదా? పంటలంటే ఎప్‌సెట్ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్ వస్తుందేమో ముందు చూడండి. అక్కడి నుంచి పీజీలో బయోటెక్‌కు వెళ్లొచ్చు. వెళ్లకపోయినా విత్తన కంపెనీలు, వ్యవసాయ శాఖ, బ్యాంకులు ఉన్నాయి. మందులంటే మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలో బయోటెక్ బీఎస్సీ గానీ, బీటెక్ గానీ.

ఫీజు కట్టేముందు ఆ కాలేజీ చివరి ఏడాది పిల్లలతో మీ అమ్మాయిని మాట్లాడించండి. డీఎన్‌ఏకు కాపీలు తీసే పీసీఆర్ మెషీన్ మీద మీరే చేశారా, లెక్చరర్ చేస్తుంటే చుట్టూ నిలబడి చూశారా అని అడగమనండి. చూశామంటే వేరే కాలేజీ వెతకండి.