మీ నాయన పేరు మీద ఎవురైనా ముందే ఓటేసేసింటే

అన్నా, మీ నాయన ఓటు చంద్రగిరిలో ఎవురో దొంగోటు వేసేస్తారేమోనని రాసినారు కదా, ముందు ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి ఓటర్ల లిస్టులో పేరుందో లేదో చూసుకోండి, లేకుంటే ఇప్పుడే ఫారం 6, అంటే పేరు చేర్చమని అడిగే దరఖాస్తు, పెట్టేయండి. పోలింగ్ రోజు పొద్దున్నే పోండి. ఆయన పేరు మీద ముందే ఎవురో వేసేసింటే మాత్రం గమ్మున తిరిగి రావద్దండి, మా అమ్మకి తిరుపతిలో అట్లే అయింది, ఏడ్చుకుంటా ఇంటికొచ్చేసింది, నాకిప్పటికీ కడుపు మండతాది. బూత్‌లో పెద్దాఫీసరు, ప్రిసైడింగ్ ఆఫీసర్ని టెండర్ ఓటు అడగండి, ఎన్నికల నిర్వహణ రూల్స్‌లో 49పీ కింద అది హక్కు, ఆ ఆఫీసరు అడిగిన వాటికి సరిగ్గా జవాబు చెప్తే మిషన్లో కాకుండా పేపర్ బ్యాలెట్ ఇస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు, కవర్లో పెట్టి సీల్ చేస్తారు, కానీ తక్కువ తేడాతో గెలిచి కేసు కోర్టుకు పోతే అది పనికొస్తాది. బూత్‌లో కూర్చునే పార్టీ ఏజెంట్ ఎవురైనా తెలిసినోళ్లుంటే సాయంత్రం ఫారం 17సీ కాపీ కూడా తీసుకోమనండి, ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడినాయో అందులో ఉంటాది.